గంజి రోజు బడి

మొన్న మా మనవరాలు ఉద్యోగంలో చేరిన సంబరంలో నాకొక నేత చీర తెచ్చింది. మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. "ఒకసారి ఉతికితే పోతుందిలే అమ్మమ్మా" అని ఆ పిల్ల నన్ను ఓదార్చబోయింది. పోతుందనే కదా నా బాధ. వారం రోజులు ఆ చీరను ఉతకనివ్వలేదు. రోజుకోసారి బీరువా తెరవడం, చీరలో ముక్కు పెట్టడం, మూసేయడం. ముసలిదానికి మతి చలించిందని ఇంట్లోవాళ్ళు గుసగుసలు పోయారు. పోనీ. వాళ్ళెవరూ జొన్నగంజి వాసనలో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళు కారు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. మాది నల్లగొండ జిల్లాలో ఒక మిట్టమీది పల్లె. ఆ రోజుల్లో మా దిక్కు పల్లెల్లో ఎవరికీ కుదురు లేదు. మొదట రజాకార్లు, తర్వాత దళాలు, ఆ తర్వాత పటాలం. ఎవరొచ్చినా ముందుగా అన్నం అడిగేవాళ్ళు. తిన్నాక, నిన్న వచ్చినవాళ్ళకు ఎందుకు పెట్టారని అడిగేవాళ్ళు. చివరికి పటాలంవాళ్ళు మా బడిలోనే క్యాంపు పెట్టారు. ఒక మధ్యాహ్నం గడ్డివాములు అంటుకున్నాయి. బడి కప్పు కూడా వాటితోపాటే పోయింది. మర్నాడే మా నాయిన బండి కట్టాడు. జొన్నల బస్తా, ఇసుర్రాయి, రెండు కోళ్ళు, అమ్మ, నేను, చంకలో తమ్ముడు. పలక తెచ్చుకుంటానంటే నాయిన వద్దన్నాడు. కోళ్ళకున్న జాగా నా పలకకు లేకపోయిందని చాలా రోజులు అలిగాను.

నకిరేకల్ పోయే సడక్ పక్కనున్న ఒక ఊళ్ళో సాలెల వాడలో తేలాం. మాలాగే చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్క ఇంటి పంచలో ఒక్కొక్కరు సర్దుకున్నారు. మాకు జాగా ఇచ్చింది ఒక ముసలావిడ. భర్త లేడు, పిల్లలు లేరు, రెండు మగ్గాలు మాత్రం ఉన్నాయి. వాడంతా ఆమెను మగ్గపవ్వ అనేవాళ్ళు. మేము ఆమెకు ఏమీ కాము. బండి దిగి నిలబడ్డ మమ్మల్ని ఎగాదిగా చూసి, "మగ్గం గుంటల తప్ప యాడ పండుకున్నా నాకు ఫికర్ లేదు" అన్నది. అంతే, రెండేళ్ళు ఆ పంచే మా ఇల్లు.

ఆ వాడ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. తడి నూలు, రంగు కాగే పొయ్యిలు, కాలుతున్న జొన్నరొట్టె, మధ్యాహ్నానికల్లా పచ్చిపులుసులో వేసే ఉల్లిగడ్డ. పొద్దు పొడిచింది మొదలు టకటకమని మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది నాకు. అవ్వ నేస్తూ నేస్తూనే కథలు చెప్పేది, తిట్లూ తిట్టేది. రెండింటికీ చేతులాగేవి కావు.

మగ్గపవ్వ ఇంటి పక్కన ఒక పాత కొట్టం ఉండేది. అదే మా బడి. సారు కూడా మాలాగే ఊరు వదిలి వచ్చినవాడే. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది, తెలుగు తనకు తానే నేర్చుకున్నాడు. అందుకని హాజరు ఉర్దూలో, పాఠం తెలుగులో, తిట్టడం రెండింటిలో. జీతం లేదు. వారానికొకసారి ఇంటింటి నుంచి ఒక గిద్దెడు జొన్నలు. పుస్తకాలు మొత్తం రెండు. అవ్వ ఇచ్చిన ఒక చెక్కకు దీపం మసి, ఆకుపసరు పూసి నల్లబల్ల చేశాం. సుద్దకు బదులు చౌడుగడ్డ. ఎక్కాలు మాత్రం ఖర్చు లేని చదువు కనుక పొద్దస్తమానం అవే. నలభై గొంతులు ఒక్కసారి లేస్తే మగ్గాల చప్పుడు కూడా వినపడేది కాదు.

ఎదురింటి అరుగుల మీద సాలెవాడ పిల్లలు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళు. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు చుట్ట. ఒక్క మగ్గం ఆడాలంటే ఇద్దరు పిల్లలు పొద్దంతా చుట్టాలి. అందుకని వాళ్ళు బడికి వచ్చేవాళ్ళు కారు. వాళ్ళ చేతులకు తీరిక లేదు కానీ నోళ్ళకు కావలసినంత ఉండేది. మేము ఎక్కం చెబుతుంటే వెనకనుంచి వెక్కిరించేవాళ్ళు. వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతి, నా ఈడుదే, నా గొంతు అచ్చంగా దించేది. దానితో నాకు పొద్దున ఒక కొట్లాట, సాయంత్రం ఒక కొట్లాట. మధ్యలో ఇద్దరం కలిసి చింతచిగురు కోసేవాళ్ళం.

మా నాయినకు చదువు మీద కోపమేమీ లేదు, నమ్మకం లేదంతే. "మన ఊళ్ళె సదువుకున్నోళ్ళు ఇద్దరు. ఒకాయిన పట్వారి, ఇంకొకాయిన జైల్ల ఉన్నడు. నువ్వేమైతవ్" అని అడిగాడొకసారి.

"సారునైత" అన్నాను.

"ఆడివిల్ల సారెట్లయితది?"

"అయినప్పుడు సూద్దువుగని" అన్నాను. అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టింది కానీ నాయిన నవ్వుకున్నాడు. ఊరికి పోగానే నన్ను పొలం పనిలో పెట్టాలని ఆయన ఆలోచన. మా ఊళ్ళో బడి కప్పు లేచేదెప్పుడో ఎవరికీ తెలియదు. నా ఆశంతా నాలుగో తరగతి పాసు కావడం మీద ఉండేది. పాసయితే నల్లగొండలో పెద్ద బడికి పోవచ్చని సారు చెప్పాడు. అయితే మా కొట్టం బడిని సర్కారు లెక్కలోకి తీసుకుంటేనే ఆ పాసుకు విలువ. లేకపోతే మేము చదివింది చదువే కాదట. ఆ మాట విన్న రోజు నాకు జొన్నరొట్టె సయించలేదు.

చివరికి ఇన్‌స్పెక్టరు దగ్గరనుంచి కాగితం వచ్చింది. ఫలానా రోజు పొద్దున వస్తాను, ముప్పై మంది పిల్లలు కనబడితే సర్కారు బడి చేస్తాను, లేకపోతే మూసుకోవలసిందే అని. అప్పటికే పల్లెలు చల్లబడుతున్నాయి. ఊళ్ళో అంతా బాగే ఉంది, రమ్మని ఎవరికి కబురొచ్చినా వాడంతా సంబరం. బండి కట్టేవాళ్ళకు అమ్మలక్కలు సర్వపిండి చేసి మూట కట్టేవాళ్ళు. సారు కూడా సంబరపడుతూనే రిజిస్టరులో ఒక పేరు మీద గీత గీసేవాడు. అలా నలభై మందిమి పందొమ్మిది మందిమయ్యాం. సారు సాలెవాడలో ఇల్లిల్లూ తిరిగాడు. "సదువుకుంటె కండెలెవరు సుడ్తరు సారు" అని మంచినీళ్ళిచ్చి పంపించారు.

సరిగ్గా అప్పుడే మేము ఆ పని చేశాం. చేశామనడం దేనికి, చేయించింది నేనే.

పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టేముందు అవ్వ రాత్రే జొన్నపిండితో పెద్ద కుండెడు గంజి కాచి, పులవడానికి లోపల మూత పెట్టి ఉంచేది, ఆ రాత్రి మాత్రం మగ్గం పక్కన మూల పెట్టింది. మేము పొలాల మీద బతికినవాళ్ళం. వీధిలో నూలుకు గంజి పెట్టడం చూశాం కానీ, అది మనుషులు తాగే జొన్న అంబలిలాగే ఉంటుందని మాకేం తెలుసు? పొద్దున్నే లేచి చూస్తే కుండెడు అంబలి. నేను, నాతోటి వలస పిల్లలు నలుగురు, ఐదుగురం చుట్టూ చేరాం. ఎవరికి వారు ఉప్పు వేసుకోవడం ఎందుకు, ఒక్కసారే కుండలో వేస్తే పోతుందని సలహా ఇచ్చింది నేను. దోసెడు ఉప్పు, కారం, తరిగిన ఉల్లిగడ్డ వేసి కలిపి, మోదుగాకు దొప్పల్లో పోసుకుని తాగాం. పైన నూనె తేలుతుంటే అవ్వకు మామీద ప్రేమ ఎక్కువై పోసిందనుకున్నాం. రెండో దొప్ప పోసుకుంటుండగా అవ్వ వచ్చింది.

ఆమె కుండలోకి చూసింది, మా మూతుల వంక చూసింది. ఉల్లిగడ్డ ముక్క ఒకటి వేలితో తీసి చూసింది. మేము పారిపోదామనుకునేలోపల ఆమె నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"పడుగుకు పెట్టె గంజి తాగిన్రా పోరగాండ్లు. ఇగ మీ పేగులు పోగుల లెక్క బిర్రుగ నిలవడ్తయి తియ్యి."

నవ్వింది కానీ నష్టం నష్టమే. ఉప్పు పడ్డ గంజి పనికిరాదట. గాలిలోని తడి పీల్చుకుని నూలు మెత్తబడిపోతుందట. మళ్ళీ కాచాలి, మళ్ళీ పులవాలి. ఆ రోజు పెట్టవలసిన గంజి మర్నాటికి జరిగింది. మర్నాడే ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు.

సంగతి తెలిసి సారు తల పట్టుకున్నాడు. గంజి రోజున వాడలో మనిషన్నవాడు ఖాళీగా ఉండడు. అవ్వ మాత్రం తీర్పు చెప్పేసింది. "రేపు పొద్దుగాల మీరంత నా పడుగు కాడ కుంచె పట్టాలె. తాగింది అరగాలె గదా. సారూ, నువ్వు రంది పడకు. పొద్దు పొడవకముందె మొదలువెడ్తె ఆయినొచ్చేటాలకు అయిపోతది."

గంజి రోజు అంటే వీధికి వీధే మగ్గమైపోతుంది. మేకల్ని కట్టేస్తారు, కోళ్ళను గంపల కింద మూస్తారు. ఈ కొసనుంచి ఆ కొసదాకా పడుగు సాగదీసి, ఏడెనిమిది చోట్ల కర్రలు ఊతంగా పెడతారు. గంజి తడిపి, కుంచెలతో ఒకే దిక్కుకు దువ్వుకుంటూ పోవాలి. తడి మొదలైందంటే ఆరేదాకా ఎవరూ చేయి వదలకూడదు. మధ్యలో ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకుని నెల కష్టం నాశనం. పడుగును ఎవరూ దాటకూడదు కూడా. పెళ్ళి ఊరేగింపు వచ్చినా చుట్టు తిరిగి పోవలసిందే. తాడు పట్టి కొసను బిగలాగే పని మా నాయినకిచ్చారు. సాలెవాడ పిల్లలంతా ఒక వరస, మేము ఎదురు వరస. రెండు జడల పిల్ల సరిగ్గా నాకెదురుగా నిలబడింది.

"కుంచె గట్ల పడ్తరానె, పిడక లెక్క" అన్నది.

కుంచెలన్నీ ఒక్క ఊపుగా ఆడితేనే గంజి సమంగా పడుతుంది. పెద్దవాళ్ళు ఏదో ఒకటి కూనిరాగం తీసేవాళ్ళు. ఆ రోజు మావైపునుంచి ఎవరో అలవాటు కొద్దీ ఏడో ఎక్కం ఎత్తుకున్నారు. ఏడొకట్ల ఏడు అంటే కుంచె ముందుకు, ఏడు రెళ్ళు పద్నాలుగు అంటే మళ్ళీ ముందుకు. బాగా కుదిరింది. అవ్వ కూడా అడ్డు చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు రాత్రి ఊరి ముసాఫిర్‌ఖానాలోనే పడుకున్నాడని మాకెవరికీ తెలియదు. ఎండ ఎక్కకముందే వచ్చేశాడు. నల్ల షేర్వానీ, చంకలో గొడుగు, వెనక సంచీ మోస్తూ జవాను. కొట్టంలోకి తొంగి చూస్తే నల్లబల్ల తప్ప ఏమీ లేదు. సారు పడుగుకు ఆవలిపక్క మోచేతులదాకా గంజితో నిలబడి ఉన్నాడు. సలాము చేద్దామంటే చేయి వదలడానికి లేదు.

"మదర్సా, అదే బడి, ఎక్కడ?" అని ఇన్‌స్పెక్టరు సారు దగ్గరికి రావడానికి పడుగు మీదుగా కాలెత్తాడు.

"సారూ, కాలు దించుండ్రి" అన్నది అవ్వ. అరవలేదు, మామూలుగానే అన్నది. ఆయన ఒంటికాలి మీద అట్లాగే నిలబడిపోయాడు. "మీరు పెద్దోళ్ళే, కాదన. నా పడుగు మీదికెల్లి నవాబొచ్చినా దాటనియ్య. జర చుట్టు తిరిగి రాండ్రి."

సారు ముఖం తెల్లబోయింది. ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా కాలు దించాడు. ఇక వేరే దారి లేదు కనుక ఆ కొసదాకా నడిచి, మా నాయిన పట్టుకున్న తాడును చుట్టి, మళ్ళీ ఇటువైపు రావడం మొదలుపెట్టాడు. ఆయన నడుస్తున్నంతసేపూ ఎక్కం సాగుతూనే ఉంది. ఆపాలని మాకు తోచలేదు, తోచినా కుంచెలు ఆగవు. ఏడైపోయింది, ఎనిమిది అయింది, తొమ్మిది ఎత్తుకున్నాం. ఆయన వేలు ఆడిస్తూ తలలు లెక్కపెడుతున్నాడు. నలభై ఒకటి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"బహుత్ ఖూబ్. అందరూ నీ పిల్లలేనా?" అని సారును అడిగాడు.

అవునంటే అయిపోయేది. మా సారు అనలేదు. "కాదు సాబ్. నా రిజిస్టరులో ఉన్నది పందొమ్మిది మందే. మిగతావాళ్ళు సాలెవాడ పిల్లలు, బడికి రారు" అన్నాడు. నా చేతిలోని కుంచె ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. నాకే కాదు, పందొమ్మిది మందికీ వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వరస వెంట మళ్ళీ నడిచాడు. తర్వాత నాకెదురుగా ఉన్న రెండు జడల పిల్ల దగ్గర ఆగాడు. "పన్నెండో ఎక్కం వచ్చునా?" అన్నాడు. అది తలెత్తలేదు. కుంచె ఆడిస్తూనే మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పేసింది.

"బడికి పోవు కదా, ఎక్కడ నేర్చినవ్?"

"నేను నేర్వలె. గా సారు దినాం ఒర్రుతడు. ఇనవడ్తది."

ఆయన మరో పిల్లవాణ్ణి అడిగాడు, ఇంకొకణ్ణి అడిగాడు. అందరికీ వచ్చు. రెండేళ్ళుగా మమ్మల్ని వెక్కిరిస్తూ వెక్కిరిస్తూ వాడ వాడంతా ఎక్కాలు నేర్చేసింది. ఆ సంగతి వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. సారు కళ్ళు తుడుచుకోబోయి రెప్పలకు గంజి పూసుకున్నాడు.

తర్వాత నా వంతు వచ్చింది. ఏ తరగతి అంటే నాలుగు అన్నాను. ఆయన తాను పంపిన కాగితాన్నే సారు జేబులోనుంచి తీయించి, నా ముఖం ముందు పట్టుకున్నాడు. చేతులు పడుగు మీద, కళ్ళు కాగితం మీద పెట్టి, ముప్పై మంది లేకపోతే మూసుకోవలసిందే అన్న చివరి మాటదాకా గట్టిగా చదివాను. ఆ చివరి మాట మరీ గట్టిగా చదివాను. ఆయన మీసాల్లో నవ్వాడు.

పడుగు ఆరాక పెద్దవాళ్ళంతా చేరారు. పిల్లల్ని పంపుతారా అని ఇన్‌స్పెక్టరు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వే మాట్లాడింది.

"రెండు జాములు పంపుతం, రెండు జాములు కండెలు సుడ్తరు. గంజి దినం మాత్రం పంపం. గది ఒప్పుకుంటె రాసుకోండ్రి."

"గంజి దినం సెలవని నేనెట్ల రాయాలమ్మా" అని ఆయన గొడుగు పిడితో గడ్డం గోక్కున్నాడు. తర్వాత కాగితం మీద 'స్థానిక పండుగ' అని రాశాడు. నాకు తెలిసి నెలకు రెండుసార్లు వచ్చే పండుగ సర్కారు రికార్డుల్లో అదొక్కటే. ఆ మధ్యాహ్నం వాడంతా మక్కగుడాలు ఉడకబెట్టి పంచారు. రెండు జడల పిల్ల తన దోసిట్లోవి సగం నాకు పెట్టి, "రేపటి సంది నీ పక్కన్నె కూసుంట" అని బెదిరించింది.

సాయంత్రం నాయిన నన్ను పక్కకు పిలిచాడు. "పొద్దుగాల నువ్ సదివింది నిజంగ కాయితంల ఉన్నదేనా, ఉత్తగ యాద్ వెట్టుకొని ఒప్పజెప్పినవా?" అన్నాడు. నేను సమాధానం చెప్పకముందే మొలలోనుంచి ఒక గుడ్డమూట తీశాడు. అందులో నాలుగు మడతల చీటీ. మేము ఊరు విడిచిన రోజు పట్వారి రాసిచ్చిందట. అది ఉంటేనే మళ్ళీ ఊళ్ళోకి, పొలంలోకి రానిస్తారని నాయిన నమ్మకం. దాన్ని రెండేళ్ళు చెమటకు, వానకు తడవకుండా కాపాడాడు.

నేను చదివాను. రెండు ఎడ్లు, ఒక బండి, ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ఈ పొద్దు సడక్ దాటిపోవడానికి వదలవలసింది.

"ఇంక కింద?"

"ఏం లేదు నాయినా. గా ఒక్క పొద్దుకె."

నాయిన చీటీని వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. తలపాగా జారిపోయేదాకా నవ్వాడు. "ఒక్క పొద్దు కాయితాన్ని రెండేండ్లు మొల్ల వెట్టుకొని తిరిగిన" అని అమ్మను పిలిచి చెప్పాడు, అవ్వను పిలిచి చెప్పాడు. నవ్వు ఆగాక ఆ చీటీని మళ్ళీ మడతపెట్టి నా చేతికిచ్చాడు.

పదిహేను రోజులకు మాకూ కబురొచ్చింది. నా నాలుగో తరగతి పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. అమ్మ ఇసుర్రాయి బండికెక్కించింది, కోళ్ళు అప్పటికి పదకొండయ్యాయి. నేనూ ఎక్కి కూర్చున్నాను. ఇక్కడే ఉండి చదువుకోనా అని అడిగితే నాయిన ఏమంటాడో అని అడగలేదు. అవ్వ గడపలో నిలబడి కండె చుడుతూ ఉంది. నాయిన ఎడ్లను కట్టి, తలపాగా చుట్టుకుని, బండి వెనక్కి వచ్చాడు.

"దిగు" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"నాలుగు పాసైనంక వచ్చి తీస్కపోత. అవ్వతోని మాట్లాడిన."

అమ్మకు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. నోట్లో కొంగు పెట్టుకుంది. నేను దూకాను. సంతోషంతో దూకాను, అబద్ధం ఎందుకు? బండి కదిలాక తెలిసింది నాకు, ఆ బండిలో మా వాళ్ళందరూ ఉన్నారని. సామాన్ల పైనుంచి నాయిన తలపాగా మలుపుదాకా కనబడింది. అది ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు.

నాలుగు పాసయ్యాను. తర్వాత నల్లగొండ వెళ్ళాను, చివరికి సారమ్మనే అయ్యాను. నాయిన నా మొదటి బడికి వచ్చి, గుమ్మంలో నిలబడి పాఠమంతా విని పోయాడు. ఎన్ని జరిగినా ఆ తలపాగా తిరగలేదన్న కోపం మాత్రం నాలో ఒక మూల ఉండిపోయింది. ఒకనాడు మా ఇంటికొచ్చిన అమ్మతో చిక్కుడుకాయలు గిల్లుతూ ఆ మాట అనేశాను.

అమ్మ చిక్కుడుకాయ కింద పెట్టింది. "మలుపు తిరగంగనే పగ్గాలు నా చేతిల పెట్టిండు బిడ్డా. కండ్ల నిండ నీళ్ళాయె, తోవ కానరాలె ఆయినకు. నెత్తి రుమాలు ఇప్పి మొఖమ్మీద ఏసుకొని కూసున్నడు. నేనెన్నడన్న బండి తోలిన్నా? ఎడ్లు ఎటు గుంజితె అటు పోయినం. ఎవలిదో పెసరచేన్ల పడ్డం. ఆ చేనాయిన వచ్చి తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిండు. మీ నాయిన రుమాలు తియ్యలె."

అమ్మ చెబుతూ చెబుతూ నవ్వింది. నేనూ పడీ పడీ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. అప్పటికి నాయిన పోయి మూడేళ్ళయింది. ఉంటే ఆ పూటే మా ఊరికి బస్సెక్కి, కోపం పోయిందని చెప్పి వచ్చేదాన్ని.